శ్రవణ శాస్త్రంలో స్నాతకోత్తర విద్య - కర్నూలు, కడప ప్రాంతం

శ్రవణ శాస్త్రం లేదా ఆడియాలజీ అనగా వినికిడి ప్రక్రియను, వినికిడి లోపాలను, శరీర సమతౌల్యానికి సంబంధించిన లోపాలను అధ్యయనం చేసే శాస్త్రం. లోపం చెవిలో ఏ భాగంలో ఉన్నదో, ఎంత ఉన్నదో కొలిచి, తగిన వినికిడి యంత్రాన్ని అమర్చి, దానిని వాడే పద్ధతి నేర్పేవారిని ఆడియాలజిస్టులు అంటారు. చెవికి మందులు ఇచ్చేవారు, శస్త్రచికిత్స చేసేవారు చెవి, ముక్కు, గొంతు వైద్యులు. ఆడియాలజిస్టు వైద్యుడు కాడు. అయితే ఆ వైద్యునితో కలిసి పనిచేసే నిపుణుడు. భారతదేశంలో ఈ శాస్త్రాన్ని మొదట నాలుగు సంవత్సరాల డిగ్రీగాను, ఆ తరువాత రెండు సంవత్సరాల మాస్టర్స్ డిగ్రీగాను బోధిస్తున్నారు.

మాస్టర్స్ స్థాయిలో విద్యార్థులు ఏమి నేర్చుకుంటారు, ఆ చదువు రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతానికి ఏ విధంగా ఉపయోగపడుతుంది అనే విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి. పుట్టుకతో వినికిడి లేని శిశువుకు మాట నేర్చుకొనే అవకాశం జీవితంలోని మొదటి కొద్ది సంవత్సరాలలోనే ఎక్కువగా ఉంటుంది. ఆ కాలం దాటకముందే లోపాన్ని గుర్తించగలవారు జిల్లాలో ఉన్నారా లేరా అన్నదానిపై ఆ బిడ్డ భవిష్యత్తు చాలావరకు ఆధారపడి ఉంటుంది.

శాస్త్రం పుట్టుక

ఆడియాలజీ 20వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న శాస్త్రం. రెండవ ప్రపంచ యుద్ధంలో ఫిరంగుల మోత, పేలుళ్ళ వలన వినికిడి కోల్పోయిన సైనికులు వేల సంఖ్యలో తిరిగి వచ్చారు. వారికి పరీక్షలు చేసి, యంత్రాలు అమర్చి, పెదవుల కదలికను బట్టి మాటను గ్రహించడం నేర్పడానికి అమెరికా సైనిక వైద్యశాలలలో ప్రత్యేక కేంద్రాలు ఏర్పడినవి. ఈ కృషిలో పాల్గొని, తరువాత నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఈ విద్యకు పునాది వేసిన రేమండ్ కార్‌హార్ట్‌ను ఆడియాలజీ పితామహునిగా పేర్కొంటారు.

కర్ణావర్తంలో ధ్వని తరంగం ప్రయాణించే తీరును కనుగొన్నందుకు గేయార్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి లభించినది. 1971లో జ్యూయెట్, విల్లిస్టన్ అనే పరిశోధకులు శబ్దానికి మెదడు కాండం ఇచ్చే విద్యుత్ స్పందనలను తలపై అతికించిన ఎలక్ట్రోడుల ద్వారా నమోదు చేసి వివరించారు. 1978లో డేవిడ్ కెంప్ ఆరోగ్యవంతమైన చెవి తానే అతి సన్నని ధ్వనిని వెలువరిస్తుందని నిరూపించాడు. ఈ రెండు ఆవిష్కరణల వలన మాటలు రాని పసిబిడ్డ వినికిడిని కూడా కొలవడం సాధ్యమైనది.

భారతదేశంలో, తెలుగు ప్రాంతాలలో ఈ విద్య

భారతదేశంలో ఈ విద్యకు ప్రధాన కేంద్రం మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. ఇది 1965లో ప్రారంభమైనది. ఈ సంస్థ కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో పనిచేస్తుంది. దీని పట్టాలను మైసూరు విశ్వవిద్యాలయం ప్రదానం చేస్తుంది. ముంబైలోని నాయర్ ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న వైద్య కళాశాలలో కూడా 1960లలోనే ఈ కోర్సు మొదలైనది.

1983లో ముంబైలో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఏర్పడినది. ఇది కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో ఉన్నది. ఈ సంస్థకు ఎవరి పేరు పెట్టారో ఆ అలీ యావర్ జంగ్ హైదరాబాదువాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగాను, తరువాత మహారాష్ట్ర గవర్నరుగాను పనిచేశాడు. ఈ సంస్థ దక్షిణ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఉన్నది. సికింద్రాబాదులోనే స్వీకార్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా ఈ రంగంలో కోర్సులు నిర్వహించి అనేకమంది తెలుగు విద్యార్థులకు శిక్షణ ఇచ్చినది.

1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టాన్ని ఆమోదించినది. 1993లో ఈ చట్టం అమలులోకి వచ్చినది. పాఠ్యప్రణాళికను నిర్ణయించడం, కళాశాలలకు గుర్తింపు ఇవ్వడం, నిపుణుల పేర్లను కేంద్ర పట్టికలో నమోదు చేయడం ఈ మండలి బాధ్యతలు. ఈ పట్టికలో పేరు నమోదు కానివారు ఆడియాలజిస్టుగా వృత్తి చేయడానికి చట్టరీత్యా అర్హులు కారు.

2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ విభజన జరిగిన తరువాత సికింద్రాబాదు కేంద్రాలు తెలంగాణ రాష్ట్రంలోకి వెళ్ళినవి. విభజన చట్టం ప్రకారం ఉన్నత విద్యలో ఉమ్మడి ప్రవేశాలకు ఇచ్చిన పది సంవత్సరాల గడువు 2024 జూన్ 2తో ముగిసినది. కేంద్ర సంస్థలలో ప్రవేశాలు అఖిల భారత స్థాయిలో జరుగుతాయి కనుక వాటికి ఈ మార్పుతో సంబంధం లేదు. కర్నూలుకు హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. కడప వారు ఎక్కువగా తిరుపతి, చెన్నై, బెంగళూరు వైపు చూస్తారు. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ, మద్రాసు చెవి ముక్కు గొంతు పరిశోధన సంస్థ, కర్ణాటకలోని మణిపాల్ మొదలైనవి ఈ విద్యకు పేరుపొందినవి.

ప్రవేశం, కోర్సు స్వరూపం

ఇంటర్మీడియట్‌లో విజ్ఞాన శాస్త్ర విషయాలు చదివినవారు బి.ఎ.ఎస్.ఎల్.పి. అనే డిగ్రీలో చేరవచ్చును. దీనిలో మూడు సంవత్సరాలు తరగతి బోధన, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్ ఉంటాయి. పూర్వం దీనినే బి.ఎస్సి. వాక్, శ్రవణ శాస్త్రం అనేవారు. డిగ్రీ స్థాయిలో వినికిడి, మాట రెండింటినీ కలిపి బోధిస్తారు.

మాస్టర్స్ స్థాయిలో రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది వినికిడిని మాత్రమే ప్రధానాంశంగా తీసుకొనే ఎం.ఎస్సి. ఆడియాలజీ. రెండవది వినికిడి, వాక్కు రెండింటినీ కొనసాగించే ఎం.ఎ.ఎస్.ఎల్.పి. పూర్వం ఎం.ఎస్సి. వాక్, శ్రవణ శాస్త్రం అనే ఒకే కోర్సు ఉండేది. 2000 దశకంలో పెద్ద సంస్థలు దీనిని రెండు వేర్వేరు పట్టాలుగా విడదీసినవి. పెద్ద ఆసుపత్రిలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క నిపుణుడు ఉంటాడు కనుక అక్కడ ప్రత్యేక పట్టా ఎక్కువ ఉపయోగకరం. జిల్లా ఆసుపత్రిలో ఒక్కరే రెండు పనులూ చేయవలసి వస్తుంది. అందువలన చిన్న పట్టణంలో పనిచేయదలచినవారికి ఉమ్మడి పట్టా ఉపయోగపడుతుంది.

వీటికి దిగువన ఒక సంవత్సరం డిప్లొమా కూడా కలదు. డిప్లొమా పొందినవారు నిపుణుల పర్యవేక్షణలో పరీక్షలు, శిక్షణ నిర్వహిస్తారు. ఇతర దేశాలలో పద్ధతి వేరు. అమెరికాలో ఈ వృత్తిలో ప్రవేశించడానికి డాక్టర్ ఆఫ్ ఆడియాలజీ పట్టా అవసరం. ఆస్ట్రేలియాలో మాస్టర్స్ పట్టా అవసరం.

పాఠ్యాంశాలు

చెవి పనిచేసే తీరు

బయటి చెవి ద్వారా వచ్చిన ధ్వని కర్ణభేరిని కంపింపజేస్తుంది. ఆ కంపనాలు కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకల గుండా లోపలి చెవికి చేరుతాయి. కర్ణభేరి వైశాల్యం అంకవన్నె పాదం వైశాల్యం కంటె సుమారు 17 రెట్లు ఎక్కువ. అందువలన గాలిలోని బలహీనమైన కంపనం లోపలి ద్రవాన్ని కదిలించగల ఒత్తిడిగా మారుతుంది. నత్తగుల్ల ఆకారంలో ఉన్న కర్ణావర్తంలో సుమారు 3,500 లోపలి రోమ కణాలు, సుమారు 12,000 వెలుపలి రోమ కణాలు ఉంటాయి. లోపలి కణాలు కంపనాన్ని నాడీ సంకేతంగా మారుస్తాయి. వెలుపలి కణాలు సన్నని శబ్దాలను పెంచి, దగ్గర దగ్గర స్థాయిలను వేరుచేస్తాయి. మనిషిలో ఈ కణాలు ఒకసారి నశిస్తే తిరిగి పుట్టవు.

బయటి చెవిలో గాని, మధ్య చెవిలో గాని అడ్డంకి ఉంటే కలిగే లోపాన్ని వాహక లోపం అంటారు. గులిమి, కర్ణభేరికి రంధ్రం, చీము పట్టడం దీనికి కారణాలు. దీనిని చాలావరకు మందులతోనో శస్త్రచికిత్సతోనో సరిచేయవచ్చును. రోమ కణాలు గాని, శ్రవణ నాడి గాని దెబ్బతింటే కలిగేది నాడీ సంబంధిత లోపం. ఇది సాధారణంగా శాశ్వతమైనది. రెండూ కలిసి ఉంటే మిశ్రమ లోపం అంటారు. లోపం ఏ రకమైనదో తేల్చడమే ఆడియాలజిస్టు మొదటి పని.

పరీక్షలు

వినికిడిని డెసిబెల్ అనే ప్రమాణంలో కొలుస్తారు. శుద్ధ స్వర పరీక్షలో శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి 250 నుండి 8000 హెర్ట్జ్ వరకు వేర్వేరు స్వరాలను వినిపించి, ఒక్కొక్క స్వరం వినిపించే అతి తక్కువ స్థాయిని నమోదు చేస్తారు. ఆ రేఖాచిత్రాన్ని ఆడియోగ్రామ్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం బాగా వినిపించే చెవిలో ఈ స్థాయి 20 డెసిబెల్‌ల లోపు ఉండడం సాధారణ వినికిడి. 35 వరకు స్వల్ప లోపం, 50 వరకు మధ్యస్థం, 65 వరకు మధ్యస్థం కంటె ఎక్కువ, 80 వరకు తీవ్రం, 95 వరకు అతి తీవ్రం. ఆపైన సంపూర్ణ లోపం.

పసిబిడ్డలు, బుద్ధిమాంద్యం ఉన్నవారు సమాధానం చెప్పలేరు. వారికి మూడు పరీక్షలు ముఖ్యమైనవి. మధ్య చెవి ఒత్తిడిని కొలిచే టింపనోమెట్రీ ఒకటి. కెంప్ కనుగొన్న ధ్వనిని పట్టుకొనే ఓ.ఎ.ఇ. పరీక్ష రెండవది. మెదడు కాండం స్పందనను నమోదు చేసే బెరా పరీక్ష మూడవది. బెరాలో శబ్దం వినిపించిన తరువాత మొదటి 10 మిల్లీ సెకనులలో వచ్చే తరంగాలను పరిశీలిస్తారు. వీటిలో ఐదవ తరంగం ఏ స్థాయి వరకు కనిపిస్తుందో చూసి వినికిడిని అంచనా వేస్తారు. ఓ.ఎ.ఇ. సరిగా ఉండి బెరా లోపిస్తే దోషం నాడి మార్గంలో ఉన్నదని అనుమానించాలి. డిగ్రీ విద్యార్థి పరీక్ష చేయడం నేర్చుకుంటాడు. మాస్టర్స్ విద్యార్థి పరస్పరం పొంతన లేని ఫలితాలు వచ్చినప్పుడు వాటికి కారణాన్ని తేల్చడం నేర్చుకుంటాడు. తల తిరుగుడు, సమతౌల్య లోపాల పరీక్షలు కూడా ఈ స్థాయిలో విస్తారంగా బోధిస్తారు.

పరికరాలు

వినికిడి యంత్రంలో మైక్రోఫోను, ధ్వనివర్ధకం, గ్రాహకం అనే మూడు భాగాలు ఉంటాయి. చొక్కా జేబులో పెట్టుకొనే పెట్టె రకం, చెవి వెనుక పెట్టుకొనే రకం, చెవి లోపల అమర్చే రకం వాడుకలో ఉన్నాయి. 1996 నుండి పూర్తి డిజిటల్ యంత్రాలు మార్కెట్టులోకి వచ్చినవి. యంత్రం శబ్దాలన్నిటినీ ఒకే విధంగా పెంచితే ప్రయోజనం ఉండదు. లోపం ఉన్న స్థాయిలలోనే, ఉన్నంత మేరకే పెంచాలి. గట్టి శబ్దం మిగిలిన కణాలకు హాని చేయకుండా పరిమితి విధించాలి. ఈ లెక్కలను, యంత్రం చెవిలో నిజంగా ఎంత ధ్వనిని ఇస్తున్నదో కొలిచే పద్ధతులను మాస్టర్స్‌లో నేర్పుతారు.

యంత్రంతో ప్రయోజనం లేనంత తీవ్ర లోపం ఉంటే కాక్లియర్ ఇంప్లాంటును పరిశీలిస్తారు. 1957లో పారిస్‌లో శ్రవణ నాడికి విద్యుత్ ప్రేరణ ఇచ్చిన ప్రయోగం దీనికి నాంది. 1978లో ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ బహుళ ఎలక్ట్రోడుల పరికరాన్ని అమర్చాడు. శస్త్రచికిత్స వైద్యుడు చేస్తాడు. ఎలక్ట్రోడులకు ఎంత విద్యుత్తు ఇవ్వాలో నిర్ణయించే పని ఆడియాలజిస్టుది. ఈ పనిని మ్యాపింగ్ అంటారు. శస్త్రచికిత్స తరువాత నెలల తరబడి మ్యాపింగ్, శ్రవణ శిక్షణ జరగకపోతే ఇంప్లాంటు వలన ఆశించిన ఫలితం రాదు.

పరిశోధన

రెండవ సంవత్సరంలో ప్రతి విద్యార్థి ఒక పరిశోధన వ్యాసం సమర్పించాలి. దీనికి గణాంక శాస్త్రం, పరిశోధన పద్ధతులు ముందుగా బోధిస్తారు. తెలుగు విద్యార్థులకు ఈ పరిశోధనలో చక్కని క్షేత్రం వారి మాతృభాషయే.

తెలుగులో వినికిడి పరీక్ష

స్వరాలు వినిపించినంత మాత్రాన మాట అర్థమైనట్లు కాదు. అందుకే మాటలతో కూడా పరీక్ష చేస్తారు. ఈ పరీక్ష రోగి మాతృభాషలో జరగాలి. ఇంగ్లీషు పట్టికలలో ఏకాక్షర పదాలు ఎక్కువ. తెలుగు అజంత భాష. ఏకాక్షర పదాలు తక్కువ. అందువలన తెలుగు పట్టికలకు రెండక్షరాల పదాలు అనుకూలమైనవి. ఆ పదాలలో తెలుగు ధ్వనులన్నీ వాడుకలో ఉన్న నిష్పత్తిలోనే రావాలి. 'కల', 'కళ', 'కల్ల' అనే మూడు పదాల భేదాన్ని గుర్తించగలుగుతున్నాడా అన్నది తెలుగు రోగిని అడగవలసిన ప్రశ్న. ఇంగ్లీషు పట్టిక ఈ భేదాన్ని పరీక్షించలేదు. 'స', 'శ' వంటి ఊష్మాక్షరాల శక్తి ఎక్కువగా హెచ్చు స్థాయిలలో ఉంటుంది. హెచ్చు స్థాయిలలో లోపం ఉన్నవారు మాట వినబడుతున్నది గాని తెలియడం లేదు అని చెప్పడానికి ఇదే కారణం.

మాండలికం కూడా ముఖ్యం. పిల్లలకు బొమ్మ చూపించి గుర్తించమనే పరీక్షలో కోస్తా పుస్తకంలోని 'వేరుశనగ' అనే మాట కర్నూలు పల్లె బిడ్డకు తెలియకపోవచ్చును. ఆ బిడ్డ ఇంట్లో వాటిని 'బుడ్డలు' అంటారు. కడప వైపు 'చెనిక్కాయలు' అంటారు. అదే విధంగా 'గేదె' అంటే తెలియని బిడ్డ 'ఎనుము' అంటే వెంటనే వేలు చూపుతుంది. మాట తెలియకపోవడాన్ని వినబడకపోవడంగా నమోదు చేస్తే ఫలితం తప్పుతుంది. కర్నూలు, కడప, ఆదోని, ప్రొద్దుటూరు వంటి పట్టణాలలో ఉర్దూ మాతృభాషగా గలవారు గణనీయంగా ఉన్నారు. ఆదోని వైపు కన్నడం మాట్లాడేవారు కూడా ఉన్నారు. కనుక ఈ ప్రాంతంలో పనిచేసే నిపుణునికి మూడు భాషల పట్టికలు అవసరమవుతాయి. మైసూరులో కన్నడ రోగులతో అభ్యాసం చేసిన తెలుగు విద్యార్థికి ఆ అనుభవం ఇక్కడ అక్కరకు వస్తుంది.

కర్నూలు, కడప ప్రాంతంలో వినికిడి సమస్యలు

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో పూర్వపు కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లా, పూర్వపు కడప, చిత్తూరు జిల్లాల భాగాలతో అన్నమయ్య జిల్లా ఏర్పడినవి. ఈ విభాగంలో పూర్వపు ఉమ్మడి జిల్లాలను దృష్టిలో ఉంచుకొనడమైనది.

మేనరికం

రాయలసీమలో మేనమామను, మేనబావను వివాహమాడే ఆచారం తరతరాలుగా ఉన్నది. వినికిడికి సంబంధించిన లోప జన్యువులలో చాలావరకు అంతర్గతమైనవి. అంటే తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు ప్రతులూ లోపమున్నవి అయితేనే బిడ్డకు చెవుడు వస్తుంది. తల్లిదండ్రులకు వినికిడి బాగానే ఉంటుంది. దంపతులు రక్త సంబంధీకులైనప్పుడు ఇద్దరిలోను ఒకే లోప జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. మేనమామ, మేనకోడలి సంతానంలో ఒక జన్యువు రెండు ప్రతులు ఒకే పూర్వీకుని నుండి సంక్రమించే సంభావ్యత 8లో 1 వంతు. మేనబావ, మేనమరదలి సంతానంలో 16లో 1 వంతు. ఇద్దరిలోను లోప జన్యువు ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. 1997లో చెవుడుకు కారణంగా గుర్తించిన జీజేబీ2 జన్యువు ఈ కోవకు చెందినదే. మేనరికం చేసుకున్న వారందరి పిల్లలకు చెవుడు రాదు. ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. అయితే కుటుంబంలో ఒక బిడ్డకు చెవుడు ఉన్నప్పుడు తరువాతి కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకొనడం మంచిది. ఈ విషయాన్ని తల్లిని నిందించకుండా, కుటుంబం నొచ్చుకోకుండా చెప్పగలగడం కూడా శిక్షణలో భాగమే.

చెవి కారడం, ఇతర వ్యాధులు

పల్లెలలో పిల్లలకు చెవి కారడం సాధారణ విషయంగా భావించబడుతున్నది. కాచిన నూనె, ఆకు పసరు చెవిలో పోయడం హానికరం. దీర్ఘకాలం చీము కారితే కర్ణభేరికి రంధ్రం పడి, వాహక లోపం కలిగి, బిడ్డ చదువులో వెనుకబడుతుంది. గర్భిణికి రుబెల్లా సోకడం, పుట్టిన వెంటనే బిడ్డ ఏడవకపోవడం, తీవ్రమైన పచ్చకామెర్లు, మెదడువాపు, జెంటామైసిన్ వంటి కొన్ని ఇంజక్షన్లు శాశ్వత లోపానికి కారణాలు. ఆంధ్రప్రదేశ్‌లో తట్టు, రుబెల్లా టీకా 2017లో ప్రవేశపెట్టబడినది. బాల్యంలో కలిగే వినికిడి లోపాలలో సుమారు 60 శాతం నివారించదగినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది.

శబ్దం

ఈ ప్రాంతం బండలకు, గనులకు ప్రసిద్ధి. బేతంచెర్ల నాపరాళ్ళు, కడప బండలు, మంగంపేట ముగ్గురాయి, ఎర్రగుంట్ల పరిసరాల సిమెంటు కర్మాగారాలు, ఆదోని పత్తి జిన్నింగు మిల్లులు, ప్రొద్దుటూరు మరమగ్గాలు వేలమందికి జీవనోపాధి కల్పిస్తున్నవి. రాతికోత యంత్రం పక్కన గాని, మరమగ్గాల మధ్య గాని సంవత్సరాల తరబడి పనిచేస్తే రోమ కణాలు క్రమంగా నశిస్తాయి. ఆడియోగ్రామ్‌లో ఇది మొదట 4000 హెర్ట్జ్ వద్ద గుంటవలె కనిపిస్తుంది. ఆ దశలో కార్మికునికి ఏ ఇబ్బందీ తెలియదు. సంభాషణ అర్థం కాకపోవడం మొదలయ్యే నాటికి నష్టం జరిగిపోయి ఉంటుంది.

మన దేశంలోని కర్మాగారాల నిబంధనల ప్రకారం రోజుకు 8 గంటల పనికి శబ్ద పరిమితి 90 డెసిబెల్‌లు. ప్రతి 5 డెసిబెల్‌ల పెరుగుదలకు అనుమతించే కాలం సగానికి తగ్గుతుంది. అంటే 95 వద్ద 4 గంటలు, 100 వద్ద 2 గంటలు మాత్రమే. అనేక దేశాలలోని నిపుణులు 85 డెసిబెల్‌లనే హద్దుగా సూచిస్తారు. చెవి బిరడాలు ఇవ్వడం, యంత్రాన్ని కప్పి ఉంచడం, ఏటా వినికిడి పరీక్ష చేయడం దీనికి నివారణ మార్గాలు. శబ్ద సర్వే చేసి ఇటువంటి ప్రణాళికను రూపొందించడం మాస్టర్స్ పాఠ్యాంశాలలో ఒకటి.

కాలం విలువ, ప్రభుత్వ పథకాలు

పుట్టే ప్రతి 1000 మంది శిశువులలో ఒకరి నుండి ముగ్గురి వరకు శాశ్వత వినికిడి లోపంతో పుడతారని అంచనా. 1-3-6 అనే సూత్రం ప్రపంచమంతటా అంగీకరించబడినది. ఒక నెల లోపు ప్రాథమిక పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు యంత్రం, శిక్షణ ప్రారంభం కావాలని దీని అర్థం. పల్లెలలో జరిగేది సాధారణంగా వేరు. 'వాళ్ళ నాయనకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చినవి' అని పెద్దలు ధైర్యం చెబుతారు. పళ్ళెం మోగిస్తే బిడ్డ తిరిగి చూసింది కనుక వినబడుతున్నదని భావిస్తారు. మోత స్పర్శగా తెలిసినా, కంటి చివర చేయి కదలిక కనిపించినా బిడ్డ తిరిగి చూడగలదు. పైగా కొన్ని స్థాయిలలో మాత్రమే లోపం ఉన్న బిడ్డకు పళ్ళెం మోత వినిపించి మాట వినిపించకపోవచ్చును. ఈ విధంగా మూడు నాలుగు సంవత్సరాలు గడిచిపోతాయి.

2007లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బధిరత్వ నివారణ, నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించినది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద 18 సంవత్సరాల లోపు పిల్లలకు పరీక్షలు జరిపి, లోపం ఉన్నవారిని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకంలో చిన్నపిల్లల కాక్లియర్ ఇంప్లాంటు చేర్చబడినది. లక్షల రూపాయల ఖర్చయ్యే ఈ చికిత్స దీని వలన పేద కుటుంబాలకు అందుబాటులోకి వచ్చినది. తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో బధిర పాఠశాలను, చిన్నపిల్లల కొరకు శ్రవణం అనే శిక్షణ కేంద్రాన్ని నిర్వహిస్తున్నది. కడప నుండి తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు. శస్త్రచికిత్స ఒక్కసారితో ముగుస్తుంది. మ్యాపింగుకు, శిక్షణకు పదేపదే వెళ్ళవలసి ఉంటుంది. కూలి పని మానుకొని ప్రతివారం దూరప్రయాణం చేయలేని తల్లిదండ్రులు మధ్యలో మానివేస్తే, ఖరీదైన పరికరం ఉన్నా బిడ్డకు మాటలు రావు. సొంత జిల్లాలో నిపుణులు ఉండడం ఎంత అవసరమో దీనిని బట్టి తెలుస్తుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోను మాట స్థాయిలలో 70 డెసిబెల్‌ల లోపం ఉన్నవారు బధిరులు. 60 నుండి 70 వరకు ఉన్నవారు వినికిడి మందగించినవారు. పింఛను, రిజర్వేషన్లు వైకల్య ధ్రువపత్రంపై ఆధారపడి ఉంటాయి. ఈ పత్రానికి మూలం ఆడియాలజిస్టు నివేదిక. నిజంగా లోపం ఉన్నవారికి అన్యాయం జరగకుండా, లేనివారు పొందకుండా చూడడానికి బెరా వంటి పరీక్షలు తోడ్పడుతాయి.

ఎండ, ధూళి, బ్యాటరీలు

వేసవిలో ఈ జిల్లాలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. చెవి వెనుక పెట్టుకొనే యంత్రాలలో వాడే జింక్ ఎయిర్ బ్యాటరీలు గాలిలోని ఆక్సిజన్‌తో పనిచేస్తాయి. పొడిగాలిలో వాటిలోని తేమ ఆవిరై త్వరగా అయిపోతాయి. చెమట, బండల ధూళి మైక్రోఫోను రంధ్రాన్ని మూసివేస్తాయి. పల్లె అంగడిలో పెన్సిల్ సెల్లు దొరుకుతుంది గాని బొత్తాము బ్యాటరీ దొరకదు. అందుచేత కొందరికి పాత పెట్టె రకం యంత్రమే ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది. యంత్రాన్ని ఎన్నుకొనేటప్పుడు ఆడియోగ్రామ్‌తో పాటు ఊరిని కూడా దృష్టిలో ఉంచుకొనాలి. యంత్రం ప్రతిరోజూ పనిచేస్తున్నదో లేదో తల్లి ఇంట్లోనే తెలుసుకొనవచ్చును. బిడ్డ వెనుక నుండి ఆ, ఈ, ఊ, మ్, స్, ష్ అనే ఆరు ధ్వనులను పలికి స్పందనను గమనించాలి. దీనిని లింగ్ ఆరు ధ్వనుల పరీక్ష అంటారు.

ఉద్యోగావకాశాలు

1956లో ఏర్పడిన కర్నూలు వైద్య కళాశాల, 2006లో ఏర్పడిన కడప వైద్య కళాశాల ఈ ప్రాంతంలోని ప్రధాన బోధనాసుపత్రులకు ఆధారం. చెవి, ముక్కు, గొంతు విభాగాలు, జిల్లా సత్వర చికిత్స కేంద్రాలు, ప్రత్యేక అవసరాలు గల పిల్లల కొరకు మండలాలలో నడిచే భవిత కేంద్రాలు, ప్రైవేటు ఆసుపత్రులు, వినికిడి యంత్రాల సంస్థలు ఆడియాలజిస్టుల సేవలను వినియోగించుకొనే స్థలాలు. మాస్టర్స్ పట్టా ఉన్నవారు కళాశాలలలో అధ్యాపకులుగా చేరవచ్చును. పిహెచ్.డి. చేయవచ్చును. విదేశాలకు వెళ్ళేవారు ఆయా దేశాల అర్హత పరీక్షలకు సిద్ధం కావాలి.

ప్రపంచంలో 43 కోట్ల మందికి వినికిడి పునరావాస సేవలు అవసరమని, 2050 నాటికి ఈ సంఖ్య 70 కోట్లు దాటుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక తెలిపినది. ఏటా మార్చి 3న ప్రపంచ వినికిడి దినోత్సవం జరుపుతారు. సీమ నుండి మైసూరుకో, సికింద్రాబాదుకో వెళ్ళి ఈ విద్య నేర్చినవారు తిరిగి వచ్చి స్థిరపడినప్పుడే ఆరు నెలల లోపు శిక్షణ ప్రారంభం కావాలనే సూత్రం ఇక్కడి పల్లె బిడ్డకు కూడా వర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

చెవి
ధ్వని
డెసిబెల్
కాక్లియర్ ఇంప్లాంటు
మేనరికం
శబ్ద కాలుష్యం